ఎమిలీ సొరుగు, చందా దీవాను

రెండు తేదీలతో మొదలుపెడతాను.

1799 అక్టోబర్ 18. హైదరాబాద్‌లో మీర్ ఆలం ఇంట్లో మజ్లిస్ జరుగుతోంది. (మీర్ ఆలం మండి, జూపార్క్ పక్కన మీర్ ఆలం చెరువు అంటామే, ఆ మీర్ ఆలమే.) శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయి అప్పటికి ఐదు నెలలు. ఆ యుద్ధంలో నిజాం సైన్యాన్ని నడిపింది మీర్ ఆలమే. అతిథుల్లో కంపెనీ ఆఫీసరు కెప్టెన్ జాన్ మాల్కం కూడా ఉన్నాడు. నాట్యం మధ్యలో ఆ రోజు ముఖ్య నర్తకి ఆయన దగ్గరికి వచ్చి ఒక పుస్తకం నజరానాగా ఇచ్చింది. అందులో ఉన్నవి ఆవిడ సొంత గజళ్ళు. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆవిడ పేరు మాహ్ లఖా బాయి. కలం పేరు చందా.

1886 మే 15. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్హర్స్ట్ అనే చిన్న ఊరు. అక్కడ తండ్రి ఇంట్లోనే బతుకంతా గడిపిన యాభై అయిదేళ్ళ ఎమిలీ డికిన్సన్ చనిపోయింది. చివరి ఇరవై ఏళ్ళలో ఆవిడ గడప దాటింది తక్కువ, బయటివాళ్ళకి కనపడింది ఇంకా తక్కువ. బతికుండగా అచ్చయిన కవితలు ఓ పది, అవీ పేరు లేకుండా. చనిపోయాక చెల్లెలు లవీనియా గది సర్దుతుంటే కాగితాల కట్టలు బయటపడ్డాయి. అన్నీ కలిపి లెక్కేస్తే దాదాపు 1800 కవితలు!

ఒకావిడ నిండు సభలో తన పుస్తకాన్ని పరాయి దేశస్థుడి చేతికిచ్చింది. ఇంకొకావిడ సొరుగులో దాచుకుంది. ఇద్దరి కవిత్వమూ ఇవాళ మన దాకా వచ్చింది. ఎలా వచ్చింది, దారిలో ఎవరెవరి చేతులు పడ్డాయి అన్నదే ఈ టపా. కవిత్వం గురించి తీర్పులు చెప్పేంత పాండిత్యం నాకు లేదు. కానీ ఒక ఫైలు ఎన్ని చేతులు మారితే ఎంత పాడవుతుందో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

ముందు ఎమిలీ సంగతి చూద్దాం.

ఆవిడ తన కవితలని శుభ్రంగా కాపీ చేసి, కాగితాలని సూదీ దారంతో కుట్టి చిన్న చిన్న పుస్తకాలు చేసుకుంది. అలాంటివి నలభై దొరికాయి. కొన్ని కవితలు వాడేసిన కవర్ల వెనక కూడా రాసింది. వింతేమిటంటే, చాలా చోట్ల ఒక మాట రాసి, దాని పక్కన చిన్న ప్లస్ గుర్తు పెట్టి, ఆ మాటకి బదులు వాడదగ్గ ఇంకో రెండు మూడు మాటలు కింద రాసుకుంది. ఏది ఖాయమో చెప్పలేదు. మన భాషలో చెప్పాలంటే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ రిజాల్వ్ చేయకుండా వదిలేసిన ఫైలన్న మాట. కవితలకి పేర్లు దాదాపు పెట్టలేదు. కామాలూ ఫుల్‌స్టాపులూ ఉండాల్సిన చోట ఎక్కడ చూసినా అడ్డగీతలే.

1890లో మేబెల్ టాడ్, థామస్ హిగిన్సన్ అని ఇద్దరు కలిసి మొదటి సంపుటి తెచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, ఎంతో ఓపిగ్గా పని చేశారు. ఆ చేతిరాత చదవడమే గగనం. టాడ్ అయితే ఎమిలీని ఎదురుగా ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ ఆ ఇంటికి వెళ్ళి పియానో వాయిస్తే ఎమిలీ తలుపు అవతలి నుంచి వినేదట. కానీ వాళ్ళు ఏం చేశారంటే, కవితలకి పేర్లు పెట్టారు. ప్రాసలు కుదరని చోట కుదిర్చారు. గీతలు తీసేసి కామాలు పెట్టారు. రెండు మూడు మాటలున్న చోట తమకి నచ్చినది ఉంచి మిగతావి తీసేశారు. కాన్‌ఫ్లిక్ట్‌లన్నీ రిజాల్వ్ చేసి, హిస్టరీ లేకుండా, ప్రొడక్షన్‌లోకి తోసేశారు. పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

తర్వాత గొడవలు మొదలయ్యాయి. ఎమిలీ అన్న ఆస్టిన్‌కీ ఈ టాడ్‌కీ ప్రేమ వ్యవహారం ఉండేది. ఆయన పోయాక ఒక చిన్న స్థలం ముక్క కోసం లవీనియా, టాడ్ కోర్టుకెక్కారు. 1898లో టాడ్ ఓడిపోయింది. కోపంతో తన దగ్గరున్న వందల కవితలని పెట్టెలో పెట్టి తాళం వేసింది. అవి ఆవిడ కూతురు చేతుల మీదుగా 1945లో గానీ వెలుగు చూడలేదు. ఆలోచించండి, ఒక ప్రహరీ తగాదా మన పల్లెటూళ్ళలో పొలం గట్టు తగాదాకి ఏం తీసిపోయింది? అందువల్ల దాదాపు యాభై ఏళ్ళ పాటు ఒక గొప్ప కవి రచనలో మూడో వంతు దాకా ఎవరికీ తెలియకుండా పోయింది. ఇప్పటికీ ఆ కాగితాలు హార్వర్డ్‌లో కొన్ని, ఆమ్హర్స్ట్ కాలేజీలో కొన్ని ఉన్నాయి, ఆ తగాదా ఫలితంగానే.

1955లో థామస్ జాన్సన్ అనే పండితుడు మొదటిసారి, ఆవిడ రాసింది రాసినట్టుగా, గీతలతో సహా, దొరికిన కవితలన్నీ అచ్చేశాడు. 1981లో రాల్ఫ్ ఫ్రాంక్లిన్ ఆ కుట్టిన పుస్తకాల ఫోటోలే అచ్చేసి, ఏ కాగితం తర్వాత ఏ కాగితం ఉండాలో సూది రంధ్రాలూ మరకలూ చూసి తేల్చాడు. 1998లో మాటల తేడాలన్నీ చూపిస్తూ మూడు సంపుటాలు తెచ్చాడు. 2013 నుంచి చేతిరాత ప్రతులు ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు. అంటే చనిపోయాక నూట పాతికేళ్ళు పట్టింది, ఒక మనిషి రాసింది రాసినట్టు జనానికి చేరడానికి.

"బాగుంది, ఎక్కడి ఆమ్హర్స్ట్, ఎక్కడి హైదరాబాద్?" అంటారేమో. దగ్గరే.

1964లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ అని ఒకటి పెట్టారు. అమెరికా సాహిత్యం మీద ఆసియాలోని పెద్ద లైబ్రరీల్లో అదొకటిగా పేరు పడింది. దేశం నలుమూలల నుంచీ పీహెచ్‌డీ విద్యార్థులు వచ్చి, నెలల తరబడి ఉండి, డికిన్సన్, విట్మన్, ఫాక్‌నర్ అంటూ నోట్సు రాసుకుని వెళ్ళేవారు. మరి ఉస్మానియా ఉన్నది ఎవరి నేల మీద? ఆదిక్‌మెట్ జాగీరు. నిజాం ఆ జాగీరు ఇచ్చింది మన చందాకే! ఒక కవయిత్రి పొలంలో కూర్చుని ఇంకో కవయిత్రి మీద థీసిస్‌లు రాశారన్న మాట. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ నేల సంగతి ఎంతమందికి తెలుసో మరి.

ఇక చందా సంగతి.

పుట్టింది 1768లో. తల్లి రాజ్ కున్వర్. వాళ్ళ కుటుంబం గుజరాత్ వైపు నుంచి కష్టాలు పడి దక్కన్‌కి చేరింది. చందాని పెంచింది అక్క మెహతాబ్ కున్వర్. ఆవిడ నిజాం దీవాను రుక్నుద్దౌలా ఇంట్లో ఉండేది. అందువల్ల చందాకి చిన్నప్పటి నుంచే పెద్ద పుస్తకాలు, పెద్ద గురువులు దొరికారు. సంగీతం నేర్పింది తాన్‌సేన్ పరంపరకి చెందిన ఖుష్‌హాల్ ఖాన్. కవిత్వంలో గురువు షేర్ మొహమ్మద్ ఖాన్ ఈమాన్. గుర్రపుస్వారీ, విలువిద్య కూడా నేర్చుకుని రెండో నిజాం అలీ ఖాన్ వెంట యుద్ధయాత్రలకి వెళ్ళింది. దర్బారులో ఉమ్రావు హోదా, జాగీర్లు సంపాదించింది. "మాహ్ లఖా" అన్నది బిరుదు, చందమామలాంటి ముఖం అని అర్థం.

ఇక్కడే నాకు ఆవిడ తెలివి అద్భుతం అనిపిస్తుంది. తను పోయాక తన పేరు ఎలా నిలవాలో ఆవిడ ముందే ఆలోచించుకుంది. 1798కల్లా గజళ్ళన్నీ దీవానుగా కూర్పించింది. మరుసటేడు ఒక ప్రతి మాల్కంకి ఇచ్చింది. గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ చేత 'మాహ్‌నామా' అనే చరిత్ర గ్రంథం రాయించింది. 1792లో తల్లి పోతే మౌలాలీ గుట్ట కింద తోట, గోడలు, బావి, మసీదుతో సహా సమాధి కట్టించింది. 1824లో తను పోయాక తననీ అక్కడే, అమ్మ పక్కనే ఉంచారు. సర్వర్ ఒకటే ఉంటే ప్రమాదమని మనకి ట్రైనింగుల్లో చెప్తారు. ఆవిడ రెండు వందల ఏళ్ళ కిందటే బ్యాకప్ ఖండాంతరాలు దాటించింది. ఆ పని ఎంత మంచిదయిందో తర్వాత 1908లో తెలిసింది. మూసీ వరద సెప్టెంబర్ 28న అఫ్జల్‌గంజ్ నుంచి ఇటు పాతబస్తీ దాకా వేల ఇళ్ళని తుడిచిపెట్టేసింది. ఆ ఇళ్ళ అల్మరాల్లో ఏ పుస్తకాలుండేవో, ఏ ఆడవాళ్ళు ఏం రాసుకున్నారో ఇప్పుడెవరు చెప్పగలరు?

అయితే ఇంత జాగ్రత్త పడ్డ మనిషికి కూడా ఒకటి చేతకాలేదు. కవిత్వం నిలిచింది గానీ, చదివేవాళ్ళ చూపు కవిత్వం మీద నిలవలేదు. చందా అనగానే "ఎవరి ప్రియురాలు?" అన్నదే మొదటి ప్రశ్న. మీర్ ఆలమా, రావు రంభా జయవంతా, రాజా చందూలాలా? ఎమిలీ అనగానే "ఎందుకు పెళ్ళి చేసుకోలేదు? ఎందుకు తెల్లబట్టలే కట్టుకుంది? ఎవరి మీద ప్రేమ?" ఇవే ప్రశ్నలు. ఒకావిడ మరీ బయట తిరిగిందని, ఒకావిడ అసలు బయటికి రాలేదని. మగకవుల విషయంలో ఈ ఆరాలు ఇంతగా తీస్తామా?

నిజానికి గజల్ నుంచి కవి జీవితాన్ని లాగడం పెద్ద అమాయకత్వం. గజల్లో ప్రేమించేవాడూ, ప్రేమ పొందేవాడూ ఇద్దరూ వ్యాకరణం ప్రకారం పుంలింగమే. అది సంప్రదాయం. ఆడమనిషి రాసినా అంతే. ఆ ప్రియుడు మనిషి కావచ్చు, రాజు కావచ్చు, దేవుడు కావచ్చు, ముగ్గురూ ఒకేసారి కావచ్చు. చందా గజల్ మామూలుగా ఐదు షేర్లు. చివరి షేర్లో వేమన మకుటంలాగా తన కలం పేరు వస్తుంది. చాలావాటిలో ఆ చివరి మాట హజ్రత్ అలీకి విన్నపం. ఆవిడ షియా భక్తురాలు, మౌలాలీ గుట్ట మీద ఉన్న దర్గా అలీ పేరు మీదే. అంటే నాలుగు షేర్లు విరహంలో నడిచి, ఐదో దాంట్లో గుట్ట ఎక్కి దణ్ణం పెడుతుంది. మరి మొదటి నాలుగిట్లో ఉన్నది మీర్ ఆలం అని ఎలా చెప్తాం? తనని ప్రేమించినవాళ్ళ సభలోనే నిలబడి ఆ గజళ్ళు పాడిన మనిషికి, ఈ అస్పష్టత ఎంత పనికొచ్చి ఉంటుందో ఊహించండి.

ఎమిలీ కూడా అచ్చంగా ఇదే జాగ్రత్త చెప్పింది. 1862లో హిగిన్సన్‌కి తనంతట తానే ఉత్తరం రాసి, నాలుగు కవితలు పంపి, వీటిలో ప్రాణముందా అని అడిగింది. ఆ ఏడాదే ఇంకో ఉత్తరంలో, నా కవితల్లో "నేను" అంటే నేను కాదు, ఊహించుకున్న ఒక మనిషి, అని స్పష్టంగా చెప్పింది. ఇంత స్పష్టంగా డాక్యుమెంటేషన్ రాసిపెట్టినా, చదివేవాళ్ళు పట్టించుకుంటేగా!

చందా గురించి చెప్పేటప్పుడు అందరూ వాడే మాట ఇంకోటుంది. "ఉర్దూలో దీవాను ఉన్న మొదటి కవయిత్రి." చాలాకాలం అలాగే అనుకున్నారు. తర్వాత పరిశోధకులు ఇంకో రాతప్రతి చూపించారు. కలం పేరు ఇంతియాజ్. ఆ పేరు చూస్తే ఆడా మగా తెలీదు. ఆవిడ పేరు లుత్ఫున్నిసా. భర్త అసద్ అలీ ఖాన్ తమన్నా కూడా కవే. ఆవిడ దీవాను 1797 నాటిది, అంటే చందా కంటే ఒక ఏడాది ముందు. ఆవిడా దక్కన్ మనిషే. దర్బారు లేదు, నాట్యం లేదు, మాల్కం లేడు. ఇంట్లో కూర్చుని రాసుకుంది. నన్నడిగితే హైదరాబాద్ ఎమిలీ డికిన్సన్ చందా కాదు, ఈ ఇంతియాజ్. ఆవిడ పేరు మీలో ఎంతమంది విన్నారు? పాతబస్తీలో పుట్టిపెరిగిన నేనే ఈమధ్య దాకా వినలేదు. ఒక్క రాతప్రతి మీద ఉన్న ఏడాది చూసిన మనిషి లేకపోతే సాహిత్య చరిత్రలో ఆ వాక్యం ఇప్పటికీ తప్పుగానే ఉండేది.

తెలుగులో ఇలాంటి కథ లేదా అంటే, ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు దర్బారులో ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రాసింది. ఆవిడా కళావంతుల స్త్రీయే. 1887లో అచ్చేసినప్పుడు కొన్ని పద్యాలు, ఆవిడ తన వంశం గురించి చెప్పుకున్న భాగం ఎగిరిపోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ గారికి ఇది తెలిసి, రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో మొత్తం పుస్తకం వావిళ్ళవారి ద్వారా వేయించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని ప్రతులు జప్తు చేసింది. నిషేధం 1947లో గానీ పోలేదు. నాగరత్నమ్మ గారు యూనివర్సిటీ పండితురాలు కాదు, గాయని. కానీ జాన్సన్ 1955లో ఎమిలీకి చేసిన పని ఆవిడ అంతకు నలభై ఐదేళ్ళ ముందే ముద్దుపళనికి చేసింది. ఆయనకి గౌరవం దక్కింది. ఈవిడ పుస్తకాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. అంతే తేడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాది గౌలిపురా. మా ఇంటి చుట్టూ ఉన్న దుకాణాల బోర్డుల మీద ఉర్దూ ఉంటుంది. ఉర్దూ మాట్లాడతాం, తిడతాం, బేరాలాడతాం, చదవలేం. మనలో చాలామందికి హైదరాబాద్ అంటే ఒకవైపు హైటెక్ సిటీ, ఇంకోవైపు బిర్యానీ, గాజులు, చార్మినార్ దగ్గర ఫోటో. ఈ రెంటికీ మధ్య కొన్ని వందల ఏళ్ళ రాత ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేది చూడటానికి జనం కిక్కిరిసి ఉంటారు. అదే ఆవరణలో వేల రాతప్రతులున్న లైబ్రరీ ఉందని చాలామందికి తెలీదు. ఉస్మానియా దగ్గర ఓరియెంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ ఉంది. వీటిల్లో ఇంకా ఎన్ని ఇంతియాజ్‌లు కూర్చున్నాయో!

"స్కాన్ చేస్తే సరిపోతుంది కదా" అని మా ఫ్రెండ్ ఒకడన్నాడు. స్కాన్ చేయడం అవసరమే, కాదనను. కానీ స్కాన్ అంటే బొమ్మ. దాన్ని అక్షరాలుగా మార్చాలంటే నస్తాలీఖ్ లిపి ఓసీఆర్‌కి చుక్కలు చూపిస్తుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుగా ఎక్కుతాయి, చుక్కలు ఏ అక్షరానివో తెలియకుండా కలిసిపోతాయి. అందులోనూ పాత చేతిరాతలో చుక్కలు సగం పెట్టరు. మోడల్ ఎంత గొప్పదైనా తెలీని చోట తనకి తోచిన మాట పెట్టేస్తుంది. టాడ్, హిగిన్సన్ చేసిందీ అదే. చివరికి చదవగలిగిన ఒక మనిషి కావాలి.

అలాంటి మనుషులు మన దగ్గరికి దూరం నుంచి రావడం గమ్మత్తుగా ఉంటుంది. మౌలాలీలో చందా సమాధి తోట పాడుబడి ఉంటే 2010 ప్రాంతంలో బాగు చేయించడానికి డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వం. 2016లో చందా మీద, సిరాజ్ ఔరంగాబాదీ మీద కలిపి మంచి పుస్తకం రాసింది స్కాట్ కూగల్ అనే అమెరికన్ ప్రొఫెసర్. సంతోషమే. మన క్యాంపస్‌లో కూర్చుని వాళ్ళ ఎమిలీని మనం చదివాం, మన చందాని వాళ్ళు చదివారు. కానీ ఆ తోటకి ఉప్పల్ నుంచి అరగంట కూడా పట్టదు. మనం ఎందుకు చదవకూడదు?

నేను మూడు నెలలుగా ఆదివారాలు ఉర్దూ లిపి నేర్చుకుంటున్నాను. అలిఫ్, బే దాటి బోర్డులు చదివే దాకా వచ్చాను. దీవాను దాకా రావడానికి ఇంకో రెండేళ్ళు పడుతుందేమో. తెలుగువాళ్ళకి అనుకున్నంత కష్టం కాదు, మాటలు సగం మనకి వచ్చినవే.

అది కుదరని వాళ్ళకి ఇంకో చిన్న పని. మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో రాసుకున్న పాటల పుస్తకం ఉందేమో చూడండి. మంగళహారతులు, పెళ్ళిపాటలు, తనే కట్టుకున్న నాలుగు పదాలు, ఏదైనా సరే. ఫోటోలు తీసి, తర్వాత టైప్ చేయండి. చేసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి: తప్పులు దిద్దకండి. ఆవిడ "వచ్చెనే" అని రాస్తే "వచ్చెనే" అనే కొట్టండి. గీత పెడితే గీత పెట్టండి. కొట్టేసిన మాట కనిపిస్తే అదీ రాయండి. పేరూ, ఊరూ, ఏడాదీ తెలిస్తే పైన వేయండి. రెండు చోట్ల దాచండి.

ఎవరైనా ఇప్పటికే చేసి ఉంటే చెప్పండి, వినాలని ఉంది.